పిడికెడు బియ్యం, ఆరు రోజుల గడువు

వారం ఏ రోజుతో మొదలవుతుందని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, నా మీదే. అందరూ ఏ గొడవా లేకుండా వారాలు గడుపుకుంటుంటే, మా చర్చి ఆఫీసుగదిలో కూర్చుని వారానికి మొదలూ తుదీ నిర్ణయించిన మనిషిని నేను. నన్నెవరూ అడగలేదు. నేనే ఎగేసుకుంటూ పోయాను.

నేను జనగామలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్, కాపురం మహబూబాబాద్. ఇక్కడివాళ్ల నోట్లో అది మానుకోట. వారానికి ఐదు రోజులు రైల్లో జనగామ పోయి రావడం, శని ఆదివారాలు ఇల్లు. మా ఆయన చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. ఆయనకు సెలవు ఏ రోజు పడుతుందో ఆయనకే తెలియదు. ఒక వారం వస్తాడు, ఒక వారం రాడు. ఇలాంటి ఇంట్లో ఉన్నదానికి వారాల లెక్క మీద మోజు ఎలా పుట్టిందో నాకే తెలియదు.

మా చర్చిలో ఒక పాత అలవాటు ఉంది. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా ఆడవాళ్లు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారానికి చర్చికి తెస్తారు. పిడికెడు బియ్యం అంటాం. అవి కొన్ని హాస్టల్ పిల్లలకు పోతాయి, కొన్ని ఇల్లు గడవని వాళ్లకు పోతాయి. ఏడాదికోసారి కోతల పండుగ వస్తుంది. ఆ ఏడాదిలో ఒక్క వారం కూడా తప్పని మనిషి ఆ రోజు అందరి ముందూ కొత్త గంపలో మొదటి మానికెడు బియ్యం పోయాలి. ఆ తర్వాతే మిగిలినవాళ్ల గుమ్మడికాయలూ, కోళ్లూ. శాలువా లేదు, ఫొటో లేదు. ఆ మానిక చేతపట్టుకుని నిలబడటమే గౌరవం.

ఈ లెక్క రాసేది మా చర్చి కోశాధికారి. రైల్వే గార్డుగా డోర్నకల్‌లో రిటైరైన పెద్దాయన. నేను బాపూ అని పిలుస్తాను. ఆయన దగ్గర మూరెడు పొడుగు పుస్తకం ఒకటుంది. ఇంటికో వరుస, ఆదివారానికో గడి. తెస్తే టిక్కు, తేకపోతే ఖాళీ. అంతే. ఎన్ని తెచ్చారో లేదు, ఏ రోజు తెచ్చారో లేదు. ఆ పుస్తకం చూసి నేను ముక్కు విరిచాను.

"శనివారం తెచ్చినోళ్లను ఏడ రాస్తవ్ బాపూ?"

"రేపటి ఆదివారం కింద."

"సోమవారం తెస్తే?"

"వచ్చే ఆదివారం కింద. ఆదివారం దాక వచ్చిందంత ఆ ఆదివారం లెక్కనే బిడ్డా. బండి పోయినంక ప్లాట్‌ఫారం మీదికి ఉరికొచ్చినోడు తర్వాత బండి ఎక్కాలె గద."

"గిది లెక్క గాదు బాపూ, అలవాటు" అన్నాను నేను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "సరె, కంప్యూటర్ల పెట్టుకో. కానుక పైసలు మాత్రం నా తాన్నే ఉంటయి. నువ్వు బియ్యంతోని నేర్సుకో" అన్నాడు.

అలా డేటాబేస్ మొదలైంది. నేను తయారు చేసిన పట్టిక ముందుగా అడిగినవి రెండే: వారం మొదలు, వారం ఆఖరు. ఈ రెండు గడులు నింపడానికి కమిటీకి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. బైబిల్ వాక్యం ప్రకారం ఆదివారమే మొదటి రోజని మా పాస్టరు అయ్యగారు అన్నారు. రైల్వేలో వారం అనేదే ఉండదని, డ్యూటీ దిగిన రోజే ఆదివారమని బాపు అన్నాడు. ఆడవాళ్ల సంఘం పెద్ద అయితే ఒక అంగడి రోజు నుంచి ఇంకో అంగడి రోజు దాకా వారమని తేల్చేసి, టీ ఎప్పుడొస్తుందని అడిగింది. చివరికి నేను లేచి గోడకున్న క్యాలెండర్ చూపించాను. ఆదివారం పైన ఉంది, శనివారం అడుగున ఉంది. గోడ మీద అచ్చయిన దానితో ఎవరూ వాదించలేకపోయారు. ఆదివారం మొదలు, శనివారం ఆఖరు అని టైపు కొట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక అవ్వ సంగతి చెప్పాలి. మా చర్చి ఊడ్చే అవ్వ. ఒక్కతే ఉంటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచి, వెంట తెచ్చుకున్న స్టీలు డబ్బాలోని బియ్యం తూకం వేయించేది. కోతల పండుగ నాడు మొదటి మానిక పోసేది ఎప్పుడూ ఆమే. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇంకొకరు పోయగా చూడలేదు. నేను కూడా శనివారాలే ఎంట్రీలకు కూర్చునేదాన్ని కాబట్టి మా ఇద్దరికీ మాటలు నడిచేవి.

"ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కిందవ్వా."

"జర సూపియ్యి."

తడిచేతి వేలితో తెర మీద తన వరుస అంతా తడిమేది. ఆమె పోయాక నేను తుడుచుకునేదాన్ని. ఒకసారి దగ్గరికి వంగి చూసి, "గింత సన్నగ రాసినవేంది? పెద్దగ రాయి. దేవునికి కండ్లద్దాలు లేవు" అంది. మర్నాడే అక్షరాల సైజు పెంచాను.

అవ్వ బిడ్డను చెల్పూర్‌లో ఇచ్చింది. అల్లుడిది భూపాలపల్లిలో బొగ్గుబాయి నౌకరి. బస్సులు ఆడవాళ్లకు ఉచితమైనప్పటి నుంచి అవ్వ అప్పుడప్పుడు శుక్రవారం చర్చి ఊడ్చేసి బిడ్డ దగ్గరికి పోయి, ఆదివారం తెల్లవారుజాము బస్సుకు బయల్దేరి, రెండు బస్సులు మారి నేరుగా ఆరాధనకు వచ్చేది. మా ఆయనకు నేను పెట్టిన మామిడికాయ తొక్కు సీసా మోసుకుపోయేది కూడా ఆమే. సీసా ఇచ్చి ఊరుకునేది కాదు, ఇంటికి ఎప్పుడొస్తున్నావని నిలదీసి వచ్చేది. ఆ ఆదివారాల్లో ఆమె డబ్బాలో బిడ్డ ఇంటి పొయ్యి దగ్గర తీసిన పిడికిళ్లు కూడా ఉండేవి. శుక్రవారమే ఇచ్చిపోవచ్చు కదా అంటే, "వారం నిండకుంట ఎట్లిస్త?" అనేది.

కోతల పండుగకు వారం ముందు, శనివారం నాడు, ఏడాది లెక్క తీశాను. ఒక్క వారం కూడా తప్పని ఇల్లు ఒక్కటే వచ్చింది. మా ఇల్లు. అవ్వ వరుసలో నాలుగు సున్నాలున్నాయి.

మొదట నమ్మలేదు. మళ్లీ తీశాను. మళ్లీ అదే వచ్చింది. ముసలితనం కదా, మరిచిపోయి ఉంటుందనుకున్నాను. పచ్చిగా చెప్పాలంటే సంతోషమేసింది. మానిక పట్టుకుని నిలబడ్డప్పుడు ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను.

ఆదివారం అయ్యగారు నేనిచ్చిన లెక్క కాగితం చదివారు. మా ఇంటిపేరు వినగానే జనం నా వైపు చూస్తారనుకున్నాను. ఎవరూ చూడలేదు. అందరూ ముందు వరుసలో ఉన్న అవ్వ వైపే చూశారు. అవ్వ అటూ ఇటూ చూసి, వినపడలేదేమోనన్నట్టు చెవి మీది నుంచి కొంగు తీసి వెనక్కి వేసుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, తోడు రాక ఆపేశారు.

ఆ మధ్యాహ్నం అవ్వ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఆ స్టీలు డబ్బా ఉంది.

"నా బియ్యం ఏడవోయినయి బిడ్డా?"

కోపంగా అడిగి ఉంటే నేను కూడా కోపంగా జవాబు చెప్పేదాన్ని. ఆమె మామూలుగా అడిగింది. అయినా నా నోరు ఊరుకోలేదు.

"కంప్యూటర్ బియ్యం తినదవ్వా. తేని వారం తేలేదని సూపిస్తది, అంతే."

అవ్వ చాప మీద కూర్చుని డబ్బా మూత తీసింది. లోపల బియ్యం లేవు, బస్సు టికెట్లున్నాయి. ఆడవాళ్లకు డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్లు. ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో అన్నీ మడతపెట్టి దాచింది.

"గివెందుకు దాసినవవ్వా?"

"సర్కారోళ్లు ఉత్తగ తిప్పుతున్నరు. రేపు ఎప్పుడన్న లెక్క అడిగితే ఏం సూపియ్యాలె? సూడు. నేను చెల్పూర్‌ల బస్సెక్కిన ఆదివారాలు గీ టికెట్లల్లనే ఉన్నయి."

ఆ టికెట్ల మీది అచ్చు నాలుగు నెలలకే వెలిసిపోతుంది. సగం తెల్లకాగితాలు. అవ్వ మాత్రం తెల్లటి దాన్ని కూడా వెలుతురుకు పట్టి, "గిది దసర ముందుది" అని ధీమాగా నా చేతిలో పెట్టింది. చదవడానికి వీలైనవి మూడు దొరికాయి. లాప్‌టాప్ తెరిచి ఆ తారీకులు వెతికాను.

బియ్యం ఉన్నాయి. ఆ మూడు ఆదివారాల తారీకుల కిందా నా చేత్తో నేను ఎక్కించిన బియ్యం అక్కడే ఉన్నాయి. తప్పిపోయింది బియ్యం కాదు, వారం. అవ్వ మామూలుగా శనివారం తెస్తుంది, అంటే నా వారం ఆఖరి రోజున. ఊరికి పోయినప్పుడు ఒక్క రోజు ఆగి ఆదివారం తెస్తుంది. ఆ ఒక్క రోజుకే నేను పెట్టిన వారం మారిపోతుంది. పాత వారంలో సున్నా, కొత్త వారంలో రెండుసార్లు. రెండుసార్లు ఇచ్చిందని నా పట్టిక ఒక్క మాట కూడా అనలేదు. సున్నా మాత్రం ఎర్రగా చూపించింది.

అప్పుడు నా వరుస చూసుకున్నాను. నేను ఆదివారం తేవడం మరిచిపోతే, తర్వాతి శనివారం ఎంట్రీలకు వచ్చేటప్పుడు తెచ్చి పోసేదాన్ని. నా లెక్కలో అది ఇంకా అదే వారం. మరిచిపోయిన నాకు ఆరు రోజుల గడువు. రెండు బస్సులు మారి వచ్చిన అవ్వకు ఒక్క పూట గడువు లేదు. అలా నేను మరిచిపోయిన ఆదివారాలు లెక్కపెడితే పదకొండు.

"దొరికినయా?" అంది అవ్వ.

"దొరికినయి. పండుగ కల్ల సరిజేస్తనవ్వా."

ఏం సరిచేస్తానో చెప్పలేదు. ఆమె టీ తాగి, టికెట్లన్నీ లెక్కపెట్టుకుని మళ్లీ డబ్బాలో పెట్టుకుని పోయింది.

ఐదు రోజులు రైల్లో ఇదే ఆలోచన. వారాన్ని సోమవారంతో మొదలుపెట్టి ఆదివారంతో ముగిస్తే, అంటే బాపు చెప్పిన అలవాటు ప్రకారం పెడితే, అవ్వ సున్నాలన్నీ నిండుతాయి. కానీ నా పదకొండూ బయటపడతాయి. దానికన్నా సుఖమైన దారి ఒకటుంది. అవ్వ నాలుగు తారీకుల్నీ ఒక్క రోజు వెనక్కి జరిపితే చాలు. అప్పుడు ఇద్దరికీ తప్పు లేదు. చెరో అర మానిక పోస్తాం. ఎవరికీ నష్టం లేదు, నా పరువుకు అసలే లేదు. కాజీపేట దగ్గర ఈ దారి చాలా న్యాయంగా కనిపించేది. ఇల్లు చేరేసరికి అంత న్యాయంగా కనిపించేది కాదు. మళ్లీ పొద్దున కాజీపేట వచ్చేది.

శనివారం ఆఫీసుగదిలో కూర్చుని అవ్వ మొదటి తారీకు మీద వేలు పెట్టాను. అంతలో అవ్వ చీపురుతో లోపలికి వచ్చింది.

"నా వరుస ఒకపారి సదువు బిడ్డా. వింట."

చదివాను. ముప్పావు కిలో, అర కిలో, కిలోకు ఎక్కువ, పావు కిలో. ఒక్కో అంకెకూ ఆమె దగ్గర జవాబుంది. "గప్పుడు జరమొచ్చి గంజి తాగిన. గది నా బిడ్డ పిల్లలతోని వచ్చిన వారం. గది ఉపాస దినాలు." ఊడుస్తూ ఊడుస్తూ ఏడాది మొత్తం చెప్పేసింది.

"ఇగ నీది సదువు."

"కిలో" అన్నాను. "కిలో. కిలో. కిలో."

చీపురు ఆగింది.

"నీ మొగుడొచ్చిన వారం కిలోనే, రాని వారం కిలోనే ఎట్లుంటయి బిడ్డా?"

నేను ఏ రోజూ పొయ్యి దగ్గర పిడికెడు తీసి పెట్టినదాన్ని కాదు. గుర్తొచ్చినప్పుడు బస్తాలోంచి కిలో తూచి తెచ్చేదాన్ని. ఏడాది పొడుగునా ఆ అంకెలు నేనే కొట్టాను, నేనే చూశాను, మొదలూ తుదీ అంటూ పెద్దమనుషులతో వాదించాను. నా వరుసంతా ఒకే అంకె ఉందని నాకు కనపడలేదు. అక్షరం రాని అవ్వకు చెవులతో వినగానే తెలిసిపోయింది. సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గు.

అవ్వ నా కాళ్ల దాకా ఊడ్చుకుంటూ వచ్చింది. "జర కాళ్లు లేపు, ఊడుస్త" అంది.

కాళ్లు లేపాను. అలా కాళ్లు పైకి పెట్టుకునే వారం మొదలు సోమవారమని, ఆఖరు ఆదివారమని మార్చేశాను. అవ్వ వరుస మొదటి నుంచి చివరిదాకా నిండింది. నా వరుసలో పదకొండు సున్నాలు ఎర్రగా లేచాయి.

సాయంత్రం అయ్యగారి ఇంటికి పోయాను. బాపు అక్కడే ఉన్నాడు. ఉన్నదంతా చెప్పాను, బస్తా సంగతితో సహా. అయ్యగారు గడ్డం నిమురుకుని, "మరి మొన్న అందరి ముందు సదివినం గదమ్మా" అన్నారు.

"రేపు అందరి ముందే తప్పయిందని సదవాలె అయ్యగారూ. నేనే సదువుత."

బాపు సంచిలోంచి తన మూరెడు పుస్తకం తీశాడు. అది అటకెక్కిందని నేననుకున్నాను. ఏడాదంతా రాస్తూనే ఉన్నాడట. అవ్వ వరుసలో అన్నీ టిక్కులు. నా వరుసలో ఖాళీలు. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు.

"నీకు ముందే తెలుసా బాపూ? మరి చెప్పవేంది?"

"గది లెక్క గాదు, అలవాటు అన్నవ్ గద బిడ్డా" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, "ఇయ్యాల దాక నీ కోసమే సూసిన. నువ్వు రాకుంటే రేపు నేనే లేస్తుంటి" అన్నాడు.

పండుగ నాడు చదివాను. రెండే వాక్యాలు రాసుకున్నాను, అవి కూడా తడబడ్డాను. అవ్వకు తప్పిన వారం ఒక్కటి కూడా లేదని, తప్పింది నేను పెట్టిన వారమేనని, మా ఇంటికి పదకొండు తప్పాయని చెప్పాను. ఈసారి జనం నా వైపే చూశారు. అవ్వ లేచి వెళ్లి కంచు మానిక నిండా బియ్యం ఎత్తి, అంచు దాటి తలగా పైకి వచ్చిన బియ్యాన్ని చేత్తో సవరించి, కొత్త గంపలో పోసింది. పోశాక అక్కడి నుంచే, అయ్యగారు ప్రార్థనకు చేతులెత్తుతుండగా, నా వైపు తిరిగి గట్టిగా అడిగింది.

"ఎక్కిందా బిడ్డా?"

చర్చి అంతా నవ్వింది. అయ్యగారు ఎత్తిన చేతులు దించి నవ్వారు.

"ఎక్కిందవ్వా" అన్నాను. నాకు నవ్వుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

అప్పటి నుంచి మా పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంది. పొద్దున ఆరింటి రైలు హడావిడిలో పిడికెడు తీయడం నేననుకున్నంత తేలిక కాదు. ఒక్కోసారి కుక్కర్ మూత పెట్టాక గుర్తొస్తుంది, తిట్టుకుంటూ మళ్లీ బస్తా దగ్గరికి పోతాను. ఇప్పుడు నా వరుసలో అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటున్నాయి. సున్నాలు కూడా ఉన్నాయి, దాచలేదు. శనివారం శనివారం అవ్వ తన వరుస చదివించుకున్నాక నాది కూడా చదివిస్తుంది.

మొన్న శనివారం చదివాను. అర కిలోకు కూడా తక్కువే.

"తక్కువున్నయేంది? నీ మొగుడు రాలే?"

"రాలేదవ్వా. మూడు వారాలాయె."

ఆ మూడు వారాల్లో ఆఫీసులో, రైల్లో, చర్చిలో ఎంతమందితో మాట్లాడానో. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అవ్వ మాత్రం కొంగుకు చేతులు తుడుచుకుని, తెర మీద నా అంకెను ఒకసారి వేలితో ముట్టి చూసింది.

"వచ్చే శుక్రవారం చెల్పూర్ పోత. తొక్కు సీస తయారు పెట్టు. గిన్నే బియ్యం వచ్చినయని నేను జెప్త ఆయనకు."